పవిత్రత పుట్టుకలో లేదు: డోర్నకల్ బిషప్ అజరయ్య జీవితం

ప్రతి ఏటా మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం ఆనవాయితీ. మహాత్మా ఫూలే, బాబాసాహెబ్ అంబేద్కర్, మహాకవి జాషువా గార్ల గురించి మన సీనియర్లు రాసినవి చదివి మేము ఎంతో నేర్చుకున్నాం. ఈసారి రాసే అవకాశం మాకు వచ్చింది. మేము ఎంచుకున్న వ్యక్తి తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే జీవితమంతా గడిపి, తెలుగు నేలలోనే కన్నుమూసిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు.

మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలం కలిసే ఉంటున్నాం, ఒకే పంక్తిలో కూర్చుని తింటున్నాం. కాబట్టి ఇది ఏ మతం గొప్పదో చెప్పడానికి రాస్తున్నది కాదు. పవిత్రంగా బతకడం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు ఒక క్రైస్తవుడు తన జీవితంతో ఇచ్చిన జవాబు ఏమిటో చెప్పడానికే రాస్తున్నాం.

ఈ ప్రశ్న మనకు చిన్నది కాదు. మడి, మైల, అంటు, ముట్టు అనే మాటలు మన తాతలు, అవ్వలు ఎంతగా విన్నారో మనకు తెలుసు. తరతరాలుగా ఈ దేశంలో కొందరికి పవిత్రత పుట్టుకతోనే వస్తుందని, కొందరికి ఎంత కడిగినా రాదని చెప్పారు. ఊరి బావి దగ్గరికి రానివ్వకపోవడానికి, గుడి మెట్లు ఎక్కనివ్వకపోవడానికి ఆ మాటే అడ్డుగోడ అయింది. అదే మాటను వెలివాడల మధ్యకు తీసుకువచ్చి, ఇది మీది కూడా, మీ రోజువారీ బతుకులోనే ఉంది అని చెప్పిన మనిషి అజరయ్య గారు.

బాల్యం

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు హిందూ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడై, తర్వాత ఆ ఊరి సంఘానికి పాదిరి అయ్యారు. తల్లి ఎలెన్ గారు. వారికి ఒక కూతురు పుట్టిన తర్వాత ఎన్నో ఏళ్లపాటు మళ్లీ సంతానం కలగలేదు. తల్లి ప్రార్థనల తర్వాత పుట్టిన బిడ్డ కాబట్టి, బైబిల్లో హన్నాకు ప్రార్థన ఫలంగా పుట్టిన సమూయేలు పేరు పెట్టుకున్నారు.

వారిది నాడార్ కులం. ఈనాడు ఆ కులం వ్యాపారంలో, చదువులో ముందున్నదని మనం వింటాం. కానీ ఆ రోజుల్లో అందులో చాలామంది తాటిచెట్లు ఎక్కి బతికేవారు. వారికి గుడుల్లోకి ప్రవేశం ఉండేది కాదు. కాబట్టి అంటుముట్లు అంటే ఏమిటో అజరయ్య గారు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

ఆయనకు పదిహేనేళ్లయినా నిండకముందే, 1889లో తండ్రి చనిపోయారు. తల్లి పెంపకంలో, మెజ్ఞానపురం మిషన్ బోర్డింగు స్కూల్లో, తర్వాత తిరునెల్వేలిలో చదువుకున్నారు. అంటే ఆయన కూడా మనలాగే ఇంటికి దూరంగా, గంట కొడితే లేచి, గంట కొడితే తిని చదువుకున్న పిల్లవాడే. పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. డిగ్రీ పరీక్షల సమయంలో జబ్బు పడటంతో డిగ్రీ చేతికి రాలేదు. ఆ తర్వాత కూడా ఆయన దాని కోసం వెనక్కి వెళ్లలేదు. అదే మనిషికి 1920లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్షలు ముఖ్యమే, కానీ ఒక పరీక్ష పోయినంత మాత్రాన జీవితం ఆగిపోదని దీన్నిబట్టి మనం గ్రహించవచ్చు.

యాళ్పాణంలో తలెత్తిన ప్రశ్న

1895లో అజరయ్య గారు వై.ఎం.సి.ఏ. సంస్థలో చేరారు. యువకులకు బోధిస్తూ, సంఘాలు ఏర్పాటు చేస్తూ దక్షిణ భారతమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ రోజుల్లో కాలేజీ గడప తొక్కిన అతి కొద్దిమంది తమిళ క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. తర్వాతి కాలంలో డోర్నకల్ పనిలో సగం భారం ఆమే మోశారు.

1902లో ఆయన శ్రీలంకలోని యాళ్పాణం, అంటే జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను వేరే ప్రాంతాలకు సేవకు పంపిస్తున్నారని చూశారు. ఆయన మనసులో ఒక ప్రశ్న పుట్టింది. తిరునెల్వేలిలో అంతకంటే ఎక్కువమంది క్రైస్తవులు ఉన్నారు. అయినా ఎప్పుడూ తెల్లవారి సొమ్ము తీసుకోవడమే కానీ, మనం ఎవరికైనా ఏమైనా ఇచ్చామా అన్నదే ఆ ప్రశ్న.

ఆ ప్రశ్న ఫలితమే 1903 ఫిబ్రవరి 12న పాళయంకోటలో మొదలైన తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ. డబ్బు భారతీయులది, మనుషులు భారతీయులు, నడిపించేది భారతీయులు అన్నదే దాని నియమం. రెండేళ్ల తర్వాత 1905 డిసెంబరు 25న బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో, విలియం కేరీ పనిచేసిన చోట, నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అందులోనూ ఆయన ముఖ్యులు. బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం రగులుతున్న సంవత్సరం అది. దేశం విదేశీ గుడ్డను తగలబెడుతుంటే, ఈయన విదేశీ సొమ్ము మీద ఆధారపడే అలవాటును వదిలించే పనిలో ఉన్నారు.

తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న ప్రాంతం నిజాం రాజ్యంలోని డోర్నకల్ పరిసరాలు. విజయవాడ నుంచి వరంగల్ వైపు రైల్లో వెళితే ఖమ్మం దాటాక డోర్నకల్ జంక్షన్ వస్తుంది. అక్కడ కొత్తగూడెం బొగ్గు గనుల వైపు మరో లైను చీలుతుంది. 2016 నుంచి ఆ ఊరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. వందేళ్ల క్రితం అది అడవి అంచున ఉన్న చిన్న ఊరు. చుట్టూ పల్లెల్లో వెట్టిచాకిరి, అప్పు కింద తరాలుగా జీతానికి కుదిరిన కుటుంబాలు ఉండేవి.

అందరినీ పొమ్మని చెప్పినవాడు తానూ వెళ్లాలి

సొసైటీ మొదటి మిషనరీని 1904లోనే పంపింది. అజరయ్య గారు కార్యదర్శిగా ఊరూరా తిరిగి, తెలుగు దేశానికి వెళ్లండి అని యువకులను పిలిచేవారు. వెళ్లేవారు మాత్రం తక్కువ. చివరికి ఆ పిలుపు తనకే అని ఆయన గ్రహించారు. దేశమంతా పేరు తెచ్చిపెట్టిన ఉద్యోగాన్ని 1909లో వదిలేశారు. ఆ ఏడాదే పాదిరిగా అభిషేకం పొంది భార్యాపిల్లలతో డోర్నకల్ చేరారు. మొదట్లో గుడారమే ఇల్లు. ముప్పై అయిదేళ్ల వయసులో బడిపిల్లవాడిలాగా కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. మన భాష నేర్చుకోవడానికి అంత కష్టపడిన ఆయన ఆ తర్వాత తెలుగులోనే బోధించారు, తెలుగులోనే ప్రార్థించారు, మన జానపద బాణీల్లో కీర్తనలు, భజనలు, నాటకాలు పెట్టించారు.

మరుసటి ఏడాది, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధుల్లో ఆసియా దేశాలవారు చాలా కొద్దిమంది. అజరయ్య గారికి మాట్లాడే అవకాశం ఇచ్చారు. పొగడ్తలు చెప్పి కూర్చుంటే సరిపోయేది. కానీ ఆయన ఆ మహాసభలో ఎవరూ చెప్పడానికి ఇష్టపడని విషయం చెప్పారు. విదేశీ మిషనరీలు భారతదేశం కోసం ఎంతో త్యాగం చేశారని ఒప్పుకుంటూనే, వారు భారతీయ సహోదరుణ్ణి తమతో సమానంగా చూడటం లేదని, ఇంటికి పిలిచి తమ బల్ల దగ్గర కూర్చోబెట్టడం లేదని చెప్పారు. దానం చేసే దొర వద్దని, కలిసి కూర్చునే స్నేహితుడు కావాలని కోరారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరు తలదించుకున్నారు. ఆనాటి ప్రసంగాల్లో ఎన్నో మరుగున పడ్డాయి. ఆ ఒక్కటి మాత్రం నేటికీ ప్రపంచమంతటా చదువుతున్నారు.

అది ధైర్యం మాత్రమే కాదని మాకు అనిపిస్తుంది. పవిత్రంగా బతకడంలో నిజం చెప్పడం కూడా ఒక భాగమే. తనకు సాయం చేసేవారి ముందు నిలబడి, వారిని ద్వేషించకుండా, వారి తప్పు చెప్పడం అందరికీ చేతకాదు.

మొదటి భారతీయ బిషప్

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో అజరయ్య గారికి బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. అప్పుడు ఆయన వయసు 38 ఏళ్లు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు ఆయనకు గట్టిగా అండగా నిలిచారు. వ్యతిరేకించినవారూ తక్కువేమీ కాదు. నల్లవాడి చేతికింద తెల్లవారు ఎలా పనిచేస్తారని కొందరు దొరలు గొణిగారు. మన దేశస్థుల్లోనూ కొందరు ఆయన కులాన్ని గుర్తు చేశారు. మొదట ఆయనకు అప్పగించింది చిన్న ప్రాంతమే. తర్వాత 1920లలో కృష్ణా జిల్లా వైపు ఉన్న సంఘాలు కూడా ఆయన కిందికి వచ్చి అది పెద్ద అధ్యక్ష మండలం అయింది. 1941 నాటికి డోర్నకల్ మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

బిషప్ అయినా ఆయన తీరు మారలేదు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద పల్లెలు తిరిగారు. దారిలేని చోట నడిచారు. రాత్రిపూట కూలి నుంచి తిరిగివచ్చిన జనం కూడేవరకు కాచుకుని, లాంతరు వెలుగులో బోధించారు. పగలు వారికి తీరిక ఉండదని ఆయనకు తెలుసు.

పల్లెలో పవిత్రత

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చదువురాని, భూమిలేని, అప్పుల్లో పుట్టి అప్పుల్లో చచ్చే మనిషికి పవిత్రంగా బతకమని ఏమని చెప్పాలి? ఉపవాసాలు ఉండమని చెబితే, ఆ ఇంట్లో రోజూ ఉపవాసమే. లోకాన్ని వదిలిపెట్టమని చెబితే, లోకం వారిని ఎప్పుడో వదిలిపెట్టింది.

అజరయ్య గారు చేతికి అందే విషయాలు చెప్పారు. పల్లెను పీడించే దయ్యాలు నాలుగు అన్నది ఆయన బోధ. మురికి, రోగం, అప్పు, తాగుడు. దేవుణ్ణి నమ్మినవాడు ఆదివారం పాట పాడితే చాలదు, ఈ నాలుగింటితో ప్రతిరోజూ పోరాడాలి. ఇల్లూ వాకిలీ ఊడ్చుకోవడం, పిల్లలకు స్నానం చేయించడం, పెళ్లికి అప్పు చేయకపోవడం, కూలి డబ్బు కల్లు దుకాణంలో పోయకపోవడం, భార్యను కొట్టకపోవడం, అబద్ధం సాక్ష్యం చెప్పకపోవడం. ఇవన్నీ ప్రార్థన ఎంత పవిత్రమో అంత పవిత్రం.

ఇక్కడ మాకు ఒక సందేహం వచ్చింది. బావి నీళ్లు ముట్టనివ్వని చోట శుభ్రంగా ఉండమని చెప్పడం, పేదవాడినే తప్పు పట్టడం కాదా? వాడలో మురికి వాడవారి తప్పు కాదు, నీళ్లు, నేల, కూలి ఇవ్వనివారి తప్పు. ఈ సందేహం న్యాయమైనదే. అయితే అజరయ్య గారు బోధతో ఆగలేదన్నది కూడా నిజం. ఆయన మండలంలో పల్లె బడులు, బోర్డింగు స్కూళ్లు, ఆసుపత్రులు, సహకార సంఘాలు నడిచాయి. అప్పు దయ్యం అని చెప్పి ఊరుకోకుండా, షావుకారు దగ్గరికి పోనవసరం లేని దారి కూడా చూపాలని ఆయన ప్రయత్నించారు. డోర్నకల్ బడి పిల్లలు చదువుతోపాటు చేతిపని, పొలం పని కూడా చేయాలి. చదువుకున్నవాడు పార పట్టుకుంటే పరువు పోతుందనే ఆలోచనను ఆయన మొగ్గలోనే తుంచాలనుకున్నారు.

రెండో సంగతి ఇవ్వడం. పేదవాడు పుచ్చుకునేవాడే తప్ప ఇచ్చేవాడు కాదని అందరూ అనుకునేవారు. ఆయన ఒప్పుకోలేదు. అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయమని తల్లులకు నేర్పారు. ఆదివారం ఆ బియ్యం గుడికి వచ్చేవి. కోత పండుగకు ధాన్యం, కోడి, గుమ్మడికాయ, ఎవరికి ఏది ఉంటే అది తెచ్చేవారు. డబ్బున్న దేశాల నుంచి సొమ్ము రాకపోయినా తమ ఉపదేశిని తామే పోషించుకోగలమన్న నమ్మకం ఆ పిడికెళ్లలోంచే వచ్చింది. క్రైస్తవ దానం గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఇవ్వగలిగిన మనిషి ఇక బిచ్చగాడు కాదు. తలెత్తుకుని నిలబడతాడు. మా ఉద్దేశంలో ఆయన నేర్పిన పాఠాల్లో ఇదే అన్నిటికంటే పెద్దది.

మూడో సంగతి సాక్ష్యం. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ, అక్షరం రానివారైనా సరే, తన మారిన బతుకు గురించి ఇతరులకు చెప్పవలసినవాడే అని ఆయన నియమం. కొత్తగా చేరినవారి చేతిని వారి తలమీదే పెట్టించి, బాప్తిస్మం పొందిన నేను ఈ సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే అర్థం వచ్చేటట్టు ప్రమాణం చేయించేవారు. ఊరిపెద్ద ముందు నోరెత్తకూడదని నేర్చుకున్న మనిషి మొదటిసారి నలుగురిలో నిలబడి తన గురించి తాను మాట్లాడటం ఎంత పెద్ద మార్పో మనకు వేరే చెప్పనక్కరలేదు.

స్త్రీల విషయంలోనూ ఆయన, అన్బు అమ్మగారు ముందుచూపుతో పనిచేశారు. డోర్నకల్‌లో పాదిరి చదువుకు వచ్చేవారు భార్యాపిల్లలతో సహా రావలసిందే. భర్తకు పాఠాలు చెబుతున్నప్పుడు భార్యకూ పాఠాలు ఉండేవి. మొగుడు ఒక్కడే చదువుకుంటే ఇల్లు మారదని వారికి తెలుసు.

కాలం గడిచేకొద్దీ ఒక వింత జరిగింది. మాల, మాదిగ పల్లెల్లో తాగుడు తగ్గడం, పిల్లలు బడికి పోవడం, కొట్లాటలు తగ్గడం చూసి, ఊళ్లోని ఇతర కులాలవారు కూడా 1930లలో కొన్నిచోట్ల సంఘంలో చేరడానికి ముందుకు వచ్చారు. ఎవరిని అపవిత్రులని దూరం పెట్టారో, వారి బతుకు చూసే ఇతరులు దేవుని వైపు నడిచారు. బోధకుడి మాటకంటే పొరుగువాడి బతుకు ఎక్కువ చెబుతుందని అజరయ్య గారు నమ్మినదానికి ఇదే రుజువు.

సంఘంలో కులం

అన్నీ సాఫీగా జరిగాయని చెబితే అది అబద్ధం అవుతుంది. కులం గుడి గుమ్మం దగ్గర ఆగిపోలేదు, లోపలికి కూడా వచ్చింది. ఒకే ఊళ్లో మాలవారికి, మాదిగవారికి మధ్య పోటీ ఉండేది. ఎవరి పల్లెలో గుడి కట్టాలి, ఎవరి నుంచి ఉపదేశి రావాలి అన్న తగవులు వచ్చేవి. అజరయ్య గారు ఈ విషయంలో మెత్తబడలేదు. ప్రభు సంస్కారంలో అందరూ ఒకే గిన్నెలోంచి తాగాలి. పక్కవాడి కులం చూసి వెనక్కి తగ్గేవాడికి ఆ బల్లలో పాలు లేదన్నది ఆయన పట్టుదల. ఎడింబరోలో తెల్లవారిని కలిసి కూర్చోమని అడిగిన నోటితోనే, ఇక్కడ మనవాళ్లనూ కలిసి కూర్చోమని అడిగారు. ఆ రోగం ఇంకా పూర్తిగా పోలేదని మనందరికీ తెలుసు. కాబట్టి ఆయన పని పూర్తయిందని మేము చెప్పలేం.

గాంధీజీతో భేదాభిప్రాయం

1930లలో అజరయ్య గారి పేరు దేశ రాజకీయాల్లోకి కూడా వచ్చింది. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించి, క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపింది. ఆయన వాటిని వ్యతిరేకించారు. అలా ఒప్పుకుంటే క్రైస్తవ సంఘం కూడా మరొక కులంగా, తన లాభం మాత్రమే చూసుకునే గుంపుగా మారిపోతుందని ఆయన భయం. పవిత్రంగా బతికే సంఘం పొరుగువారికి వేరుగా గోడ కట్టుకోకూడదని ఆయన ఆలోచన.

1935 అక్టోబరు 13న యేవలాలో అంబేద్కర్ గారు తాను హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని ప్రకటించారు. అప్పటి నుంచి మతమార్పిడి మీద దేశమంతటా చర్చ లేచింది. పేద హరిజనులు గుంపులు గుంపులుగా మతం మారడాన్ని గాంధీజీ తీవ్రంగా విమర్శించారు. వారికి మతాల మంచిచెడ్డలు తూచే శక్తి లేదని, సేవ చేయండి గాని మతం మార్చవద్దని ఆయన వాదన. అజరయ్య గారు గాంధీజీ మీద గౌరవం ఉంచుకునే దీనికి ఎదురు చెప్పారు. బువ్వ కోసమే పేదవాడు దేవుణ్ణి వెతుకుతాడని అనుకోవడం వాడి మనసును తక్కువ చేయడమే అని ఆయన నమ్మకం. చదువు లేనంత మాత్రాన మనస్సాక్షి లేకుండా పోదు. ఏ దేవుణ్ణి మొక్కాలో తేల్చుకునే హక్కు కూలివాడికీ ఉంది.

ఇద్దరూ దేశాన్ని ప్రేమించినవారే. ఇద్దరూ అంటరానితనాన్ని ద్వేషించినవారే. ఈ తగవులో ఎవరు ఎంతవరకు సరైనవారో పాఠకులు తమంతట తామే ఆలోచించుకోవచ్చు. ఒక్క సంగతి మాత్రం మాకు నచ్చింది. మన తాతలకు తమ గురించి తాము నిర్ణయించుకునే తెలివి ఉందని అజరయ్య గారు బహిరంగంగా నిలబడి వాదించారు.

అదే కాలంలో ఆయనకు సిగ్గు కలిగించిన మాట కూడా ఒకటి ఉందని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. దళితులు క్రైస్తవులైతే అందరం ఒక్కటిగా ఉండగలమా, ఇన్ని చీలికలున్న మీ సంఘాల్లో ఏ సంఘంలో చేరాలి అన్న అర్థంలో అంబేద్కర్ గారు ఆయనను ప్రశ్నించారట. దానికి సరైన జవాబు తన దగ్గర లేదని ఆయన బాధపడ్డారట.

ఐక్యత కోసం, ఆలయం కోసం

నిజానికి ఆ జవాబు కోసం ఆయన ఎప్పటినుంచో వెతుకుతూనే ఉన్నారు. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ సంఘాలకు చెందిన 33 మంది సమావేశమయ్యారు. వారిలో దాదాపు అందరూ భారతీయులే. మన దేశంలో పుట్టని చీలికలను మనం ఎందుకు మోయాలి, అందరం ఒకే సంఘంగా కలుద్దాం అని ఆ సమావేశం పిలుపునిచ్చింది. దాని వెనుక ముఖ్యమైన మనిషి అజరయ్య గారే. ఆ చర్చలు ఏళ్ల తరబడి సాగాయి. ఆయన బతికుండగా అవి పూర్తికాలేదు.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్ కథ కూడా అలాంటిదే. దాని పని పాతికేళ్ల దాకా సాగింది. డబ్బు ఉన్నప్పుడు కొంత, లేనప్పుడు ఆపి, మళ్లీ కొంత కట్టారు. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. ఇంగ్లండు చర్చిలాగా కాకుండా, మన దేవాలయాల మంటపాల స్తంభాలు, మసీదుల గుమ్మటాలు కలిసి వచ్చేటట్టు కట్టించారు. రాతి మీద తామర పువ్వు, దానితోపాటు శిలువ చెక్కించారు. దేవుని దగ్గరికి రావడానికి మన దేశాన్ని గుమ్మం బయట వదిలి రానవసరం లేదన్నది ఆ రాళ్లు చెప్పే మాట.

చివరి రోజులు

డెబ్బై ఏళ్ల వయసులో కూడా ఆయన పల్లెలు తిరగడం మానలేదు. 1944 క్రిస్మస్ రోజుల్లోనూ పర్యటనల్లోనే ఉన్నారు. జ్వరంతో డోర్నకల్ తిరిగివచ్చి, 1945 జనవరి 1న కన్నుమూశారు. తాను కట్టించిన ఆలయం పక్కనే ఆయనను సమాధి చేశారు. తమిళ నేలలో పుట్టిన మనిషి తెలుగు మట్టిలో కలిసిపోయారు.

ఆయన పోయిన రెండేళ్లకు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నర లోపే, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ఏకమైన ఇతర సంఘాలు కలిసి ఒకటయ్యాయి. విత్తనం వేసిన రైతు పంట చూడలేదు. అయినా పంట పండింది.

మనం నేర్చుకోవలసింది

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఇదంతా చదివాక మీలో కొందరు, మేము క్రైస్తవులం కాదు కదా, మాకేమిటి అనుకోవచ్చు. అజరయ్య గారి విశ్వాసం ఆయనది. అది లేకుండా ఆయన జీవితం లేదు. ఆ విశ్వాసం మీకు ఉన్నా లేకపోయినా, ఆయన బతికిన తీరు మాత్రం ఎవరైనా నేర్చుకోదగినది.

పవిత్రంగా బతకడం కోసం ఆయన అడవికి పోలేదు, గుహలో కూర్చోలేదు. భార్యాపిల్లలతో, అప్పుల్లో ఉన్న జనం మధ్య, దుమ్ము దారుల్లో బతికారు. డబ్బిచ్చేవారి ముందు వంగలేదు, పేదవారి ముందు బిగుసుకోలేదు. తాను వెళ్లని చోటికి ఇతరులను వెళ్లమని చెప్పలేదు. తన కులాన్ని చూసి ఎదుటివారు నవ్వినప్పుడు కుంగిపోలేదు. తనకంటే కింద ఉన్నారని లోకం చెప్పినవారిని చూసి తాను నవ్వలేదు.

రేపు మనలో కొందరం ఉద్యోగాలు సంపాదించి పట్నాల్లో స్థిరపడతాం. కొందరం పల్లెకు తిరిగి వెళతాం. ఎక్కడున్నా మన ఇంటి ఎసట్లోంచి ఒక పిడికెడు మన వాడ పిల్లల చదువు కోసం తీసి పక్కన పెట్టగలమా? మెస్సులో పక్కన కూర్చున్నవాడి కులం అడగకుండా ఉండగలమా? తాగుడుకు పోయే డబ్బు ఇంటికి పోయేటట్టు మన అన్నదమ్ములకు చెప్పగలమా? ఇవి చేయడానికి బిషప్ కానక్కరలేదు, డిగ్రీ కూడా అక్కరలేదు.

డోర్నకల్ మీదుగా రైల్లో వెళ్లే అవకాశం వస్తే ఒక్కసారి దిగి ఆ ఆలయం చూడండి. మనిషి పుట్టుకతో మైల పడడని, బతుకుతో పవిత్రుడవుతాడని నమ్మిన ఒక పెద్దమనిషి దాని పక్కనే నిద్రిస్తున్నారు. మన తాతల్లో ఎందరో ఆయన మాట విని మొదటిసారి తలెత్తుకున్నారు. ఆ తల మళ్లీ దించకుండా చూసుకోవడం ఇప్పుడు మన వంతు.